ఊరు నిలిపిన బడి

నేటి నా ప్రసంగమునకు విషయము పసిపిల్లల బడి. బడిని గూర్చి మాట వచ్చినపుడు మనమందరము సాధారణముగా పంతులును గూర్చియే మాటలాడుదుము. పంతులు మంచివాడైనచో బడి మంచిదందుము. కానిచో బడి చెడినదందుము. మూడు పదుల యేండ్లకు మించి బడిపంతులుగా జీవించినవాడనగుటచే ఆ మాటలోని న్యాయమును నేనెరుగుదును. అయినను చరిత్రను తిరగవేసి చూచినచో మరియొక సత్యము కానవచ్చుచున్నది. దీపమును వెలిగించువాడు పంతులు. దానికి నూనె పోయవలసినది ఊరు. నూనె పోయు కట్టడి యున్నచోట బడి రెండువేల యేండ్లు నిలిచినది. అది లేనిచోట ఎంత చక్కని బోధనాపద్ధతి యున్నను బడి కొడిగట్టినది. మొదటిదానికి యూదుల బడులును, రెండవదానికి మన తెలుగు వీధిబడులును నిదర్శనములు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపుటయే నా ప్రయత్నము.

యూదులనగా పాలస్తీనా ప్రాంతమున వర్ధిల్లిన ఒక ప్రాచీనజాతి. యెరూషలేము నందలి వారి దేవాలయమును క్రీ. శ. 70వ సంవత్సరమున రోమనులు ధ్వంసము చేసిరి. ఆ పిమ్మట వారు పెక్కు దేశములలో చెదరి బ్రదికిరి. మన దేశమునను కొచ్చిలో కొందరు, కొంకణతీరమున కొందరు, కలకత్తాలో కొందరు స్థిరపడిరి. రాజ్యము లేదు, సైన్యము లేదు, దేవాలయము లేదు. అయినను వారి గ్రంథములును ఆచారములును నేటివరకు నిలిచియున్నవి. అందులకు గల కారణములలో ముఖ్యమైనది వారి పిల్లల బడి.

వారి ధర్మశాస్త్రచర్చలను కూర్చిన మహాగ్రంథమునకు తల్ముదు అని పేరు. అది బాబిలోనియా దేశమున క్రీ. శ. 500 ప్రాంతమున రూపుకట్టినది. అందు బడుల పుట్టుకను గూర్చి ఒక కథనము కలదు. తొలుత తండ్రియే కుమారునకు చదువు చెప్పెడివాడట. తండ్రి గలవాడు చదివెను. తండ్రి లేనివానికి చదువు లేదు. ఈ లోపమును చూచి పెద్దలు యెరూషలేము నగరమున ఉపాధ్యాయులను నియమించిరి. అప్పుడును తండ్రి యున్న పిల్లవాడే నగరమునకు రాగలిగెను. దిక్కులేనివాడు తన యూరనే యుండిపోయెను. పిమ్మట మండలమునకొక చోట ఉపాధ్యాయులను నిలిపి, పదునారు పదునేడేండ్లవారిని చేర్చుకొనిరి. ఆ ప్రాయమువారు ఉపాధ్యాయుడు కోపించినచో అలిగి లేచిపోవుచుండిరి. తుదకు యెహోషువ బెన్ గమ్లా అను ప్రధానార్చకుడు ప్రతి మండలమునను ప్రతి పట్టణమునను ఉపాధ్యాయులుండవలెననియు, ఆరేడేండ్ల ప్రాయముననే పిల్లలను చేర్పవలెననియు కట్టడి చేసెను. ఆయన క్రీ. శ. 64 ప్రాంతమువాడు. ఈ కట్టడి ఒక్కనాడే అన్నియూళ్లను అమలైనదని యనుకొనరాదు. అది వేళ్లూనుటకు కొన్ని తరములు పట్టినది.

ఈ కథనములో మనము గమనింపవలసినది ఒకటి కలదు. వారు పద్ధతిని మూడుమారులు మార్చిరి. మార్చిన ప్రతిసారియు వారిని కదిలించిన ప్రశ్న ఒక్కటే: ఈ యేర్పాటులో ఎవడు వెలుపల మిగిలిపోయెను? చక్కగా చదువుచున్నవానిని చూచి సంతసించుట సులభము. బడికి రానివానిని లెక్కపెట్టుట కష్టము. లెక్కపెట్టినవారికే బడిని బాగుచేయు దారి తెలిసినది.

ఇక ఆ గ్రంథమునందే బడి నడపుటకు కొన్ని నియమములు కలవు. నాలుగవ శతాబ్దమువాడైన రావా అను పండితుడు ఒక ఉపాధ్యాయునకు 25 మంది పిల్లలు తగుననెను. 50 మంది యైనచో ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. 40 మంది యున్నచో ఒక సహాయకుని పెట్టవలెను. వాని జీతమునకు ఊరు తోడుపడవలెను. పిల్లవానిని నిత్యము ఒక యూరినుండి వేరొక యూరికి పంపరాదు; ఒక యూరిలోనే ఒక ప్రార్థనాలయమునుండి మరియొకదానికి పంపవచ్చును. నడుమ నది యున్నచో పంపరాదు; వంతెన యున్నచో పంపవచ్చును; ఒంటిపలక వేసిన దారియైనచో కూడదు. చూచితిరా! శాస్త్రచర్చ చేయు మహాపండితులు పసివాని కాలిక్రింది పలకను గూర్చి కూడ ఆలోచించిరి.

ఆయనకు ముందు మూడవ శతాబ్దమున రబ్ అను ఆచార్యుడు ఒక ఉపాధ్యాయునకు చేసిన హితవు మరియు మనోహరము. ఆరేండ్లు నిండనివానిని చేర్చుకొనవలదనియు, కొట్టవలసివచ్చినచో చెప్పుత్రాడుతో తప్ప కొట్టరాదనియు ఆయన యనెను. చదువు వచ్చువాడు చదువును. రానివానిని వెడలగొట్టక తోడివానికి జతగా కూర్చుండనిమ్మనెను. మొద్దని పేరుపెట్టి పిల్లవానిని వెలివేయుటకంటె చదువు వినబడుచోట వానికి చోటు చూపుట మేలని ఆయన తలంపు.

ఒక విషయమున వారిలో వారికి వాదము జరిగెను. ఇద్దరు ఉపాధ్యాయులు కలరు. ఒకడు వేగముగా చాల పాఠము చెప్పును గాని తప్పొప్పులు చూడడు. రెండవవాడు కొంచెమే చెప్పును గాని తప్పు దొరలనీయడు. ఎవనిని నియమింపవలెను? తప్పు తానే తొలగిపోవును గావున వేగముగలవానిని నియమింపుమని రావా యనెను. నెహర్దెయావాసియైన రబ్ దీమీ అందుల కొప్పుకొనలేదు. ఒక్కసారి మనస్సున చొచ్చిన తప్పు మరి వెడలదని ఆయన వాదము. దీనికి వారు చెప్పుకొను నిదర్శనము ఒకటి కలదు. హీబ్రూ భాషలో ‘జేఖెర్’ అనగా జ్ఞాపకము. ‘జాఖార్’ అనగా మగవాడు. అక్షరములు రెంటికి నొక్కటే, స్వరములే వేరు. శత్రువుల జ్ఞాపకమును తుడిచివేయవలెనను విధిని చిన్ననాట గురువు తప్పుగా చదివించుటచే, యోవాబు అను సేనాపతి మగవారిని మాత్రమే చంపి వచ్చెనట. ఈ కథలోని క్రౌర్యమును మనము మెచ్చనక్కరలేదు. పాఠశుద్ధియందు వారికి గల భయమును మాత్రము మెచ్చవలెను. మన వైదికులకు ఈ భయము క్రొత్తది కాదు. ఇంద్రశత్రుశబ్దమున స్వరము తప్పుటచే వృత్రాసురుడు ఇంద్రుని చంపుటకు మారుగా ఇంద్రునిచేత చచ్చెనన్న కథ సంథ చెప్పుకొన్న ప్రతివాడును వినినదే.

పండ్రెండవ శతాబ్దమున మైమోనిడీస్ అను మహావిద్వాంసుడు ఈ నియమములనన్నిటిని క్రోడీకరించెను. ఆయన స్పెయిను దేశమున కొర్దోబా నగరమున జన్మించి, ఈజిప్టున వైద్యవృత్తితో జీవించి, 1204లో మరణించెను. పిల్లలకు బడిలేని యూరివారు ఉపాధ్యాయుని నియమించువరకు వారికి వెలి విధింపవలెనని ఆయన శాసించెను. దోషము పంతులుది కాదు, తండ్రిది కాదు, ఊరిది! మరియు శిష్యునకు తెలియనపుడు గురువు కోపింపక ఎన్నిమారులైనను తిరిగి చెప్పవలెననియు, తెలియలేదని చెప్పుటకు శిష్యుడు సిగ్గుపడరాదనియు ఆయన వ్రాసెను.

ఇక మన వీధిబడి కథను చూతము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలన్నిటను బడులను లెక్కింపుమని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. రాయలసీమ ప్రజలు మండ్రోలయ్య యని చెప్పుకొను దొర యీయనయే. ఆ లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826లో ఆయన వ్రాసిన వ్రాతపత్రమును బట్టి రాజధాని యందంతట 12,498 బడులు, వానిలో 1,88,650 మంది విద్యార్థులు నుండిరి. నిజాము రాజ్యములోని మా ప్రాంతము ఆ లెక్కలోనిది కాదు. కాని మావైపు ఖాంగీబడి యనబడినదియు ఆ జాతిదే.

ఆ నివేదికలలో బళ్లారి కలెక్టరైన కాంబెలు దొర 1823లో పంపినది మిక్కిలి విలువైనది. ఆయన తెలుగునకు వ్యాకరణము వ్రాసి 1816లో ప్రకటించినవాడు. కావున బడిలో జరుగుచున్నది వినిన అర్థము చేసికొనగలవాడు. నాటి బళ్లారి జిల్లాలో 533 బడులు కలవనియు, వానిలో 226 తెలుగుబడులు, 235 కన్నడబడులనియు, విద్యార్థులు మొత్తము 6,641 మంది యనియు, వారిలో బాలికలు 60 మంది మాత్రమే యనియు ఆయన వ్రాసెను. జిల్లా జనసంఖ్య తొమ్మిదిలక్షలకు పైబడియుండెను.

ఆయన చిత్రించిన బడి మన తాతలు చెప్పిన బడియే. ఉదయము ఆరుగంటలకు బడి కూడును. అందరికంటె ముందు వచ్చినవాని యరచేతిలో సరస్వతీదేవి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. మెప్పును లేదు, తిట్టును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాల్గవవానికి రెండు. అటుపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చుచుండును. సోమరులకు గుంజీలు, కోదండము. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొందురు. బడి సాధారణముగా నాలుగు తరగతులుగా నుండును. చిన్నవారికి పెద్ద విద్యార్థులు చెప్పుదురు, పెద్దవారికి పంతులు చెప్పును. అయినను ఆయన కన్ను అందరిపై నుండును.

కాగితము లేక, పలక లేక, రెండవ పంతులు లేక పిల్లలకు చదువు చెప్పు ఈ నేర్పును కాంబెలు మిక్కిలి ప్రశంసించెను. ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగియున్నదని కూడ ఆయన తలచెను. ఆ యనుకరణ కథ యిది. మద్రాసులో సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు 1789లో అధ్యక్షుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒక దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన యాశ్రమమున ప్రవేశపెట్టెను. పిల్లలచేత పిల్లలకు చెప్పించు విధానమును అచ్చట పెంపొందించి 1797లో లండనున ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేర అది ఇంగ్లండున వ్యాపించి, పేదపిల్లలు వేలకొలది మంది చదువుకొనుటకు దారియయ్యెను. ఈ దేశపు తిన్నెమీద పుట్టిన యుపాయము సముద్రము దాటి పరదేశమున పండినది.

అట్లయిన ఇచ్చట ఏమి కొరవడినది? కాంబెలు రెండు లోపములు చూపెను. మొదటిది అర్థములేని వల్లెవేత. పిల్లలు చదువు పద్యములు గ్రాంథికభాషలో నుండుటచే వాని యర్థము పిల్లలకే కాదు, పెక్కుమంది పంతుళ్లకును తెలియదని ఆయన వ్రాసెను. నేను గ్రాంథికమున ఆసక్తి గలవాడను. అయినను ఈ మాటను కాదనలేను. కంఠస్థము చేయుట దోషము కాదు. మన వేదమును నిలిపినది కంఠమే. కాని వల్లెవేసినది నేడు కాకున్న రేపైనను అర్థము కావలెను. దాని నడిగెడువాడు ఊరిలో నొక్కడైన నుండవలెను.

రెండవ లోపము గొప్పది. పంతులు జీవనము తండ్రుల చేతిలోని కాసులమీద నాధారపడియుండెను. పిల్లవాని మొదటిదశలో నెలకు పావురూపాయి, పై దశలో అర్ధరూపాయి పంతులున కిచ్చెడివారు. ఆంగ్లదేశపు బట్టలు దిగుమతియై మన నేతగాండ్ర వృత్తి దెబ్బతినెను. ధనము జిల్లాలనుండి తరలిపోయెను. పూర్వప్రభువులు విద్యకు చేయుచుండిన సహాయమును చాలవరకు ఆగిపోయెను. తండ్రి పేదయైనంతనే పిల్లవాని చదువు నిలిచెను. పిల్లలు తరిగినంతనే పంతులు పస్తుండెను. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇప్పుడు బడి లేదని కాంబెలు వ్రాసెను. పద్ధతి ఉత్తమమైనదే, దానిని మోయు భుజము లేకపోయెను.

ఇచ్చటనే రెండు చరిత్రలును వేరగుచున్నవి. యూదులకును కరవులు వచ్చినవి; మనకంటె ఘోరమైన వేటలును తటస్థించినవి. కాని వారి కట్టడిలో బడి యనునది తండ్రి యిష్టముమీద నిలిచినది కాదు; ఊరిమీది ఋణము. దిక్కులేని పిల్లవాని చదువు కొరకే బడి పుట్టినదని వారు మరువలేదు. కావున ఊరు మారినను, దేశము మారినను, పదిండ్లు కూడినచోట బడి మరల లేచినది.

వారి బడులలో లోపములు లేవని నేననను. అన్నిటికంటె పెద్దలోపము బాలికలను వెలుపల నుంచుట. ఎవడు మిగిలిపోయెనని అంత శ్రద్ధతో అడిగినవారు, సగముమంది పిల్లలు మిగిలిపోయిరని చాలకాలము గుర్తింపలేదు. పోలండు దేశమున క్రాకో నగరములో సారా షెనిరర్ అను కుట్టుపనిచేయు స్త్రీ 1917లో బాలికలకు మతవిద్య నేర్పు బడి తెరచెను. కొలది యేండ్లలో ఆ బడులు పెక్కు దేశములకు వ్యాపించినవి. బళ్లారిలో 6,641కి 60 అను సంఖ్యను తలచుకొన్నచో, ఈ లోపము వారిది మాత్రమే కాదని తెలియును.

మరియొక చిక్కు ఆధునికకాలమున వచ్చినది. ఉదయమంతయు శాస్త్రగ్రంథమే చదివినచో పిల్లవాడు లోకమున బ్రదుకుటెట్లు? లోకవిద్యయే చదివినచో తనవారి గ్రంథము తెలియుటెట్లు? ఇందులకు వారు ఒకే పగటిబడిలో రెండు విద్యలును చెప్పు ఏర్పాటు చేసికొనిరి. మన దేశమున బొంబాయిలో బెనె ఇస్రాయేలు వర్గమునకు చెందిన హయీమ్ సామ్యూల్ కేహిమ్కర్ 1875లో తమవారి పిల్లలకు బడి స్థాపించెను. అది తరువాత సర్ ఎలీ కదూరీ పేర ప్రసిద్ధమయ్యెను. కలకత్తాలో 1881లో యూదుబాలికల పాఠశాల పుట్టెను. కాలక్రమమున కలకత్తా యూదులలో ఎక్కువమంది విదేశములకు పోయిరి, బడి మూతపడలేదు. అందు చదువు బాలికలలో నధికులు ముసల్మానులయిరి. ఒకజాతి తన పిల్లలకై కట్టిన బడి ఇరుగుపొరుగు పిల్లలకు ఆశ్రయమైనది.

మన తెలుగునాటనే గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిము అను చిన్న సమాజము కలదు. తాము యూదులమని చెప్పుకొనుచు, 1980లకు తరువాత ఆ యాచారములను బహిరంగముగా నవలంబించినవారు. వారి పూర్వచరిత్రను గూర్చి విద్వాంసులు పరిశోధించిరి. 2013లో వారిని గూర్చి ఒక గ్రంథమును వెలువడినది. వంశనిర్ణయము నా పని కాదు. నా కన్నున కానినది వేరొకటి. కొలది కుటుంబములు, కలవారును కారు. అయినను ప్రార్థనాలయము కట్టుకొని, తెలుగు మాటలాడు తమ పిల్లలకు హీబ్రూ అక్షరములు నేర్పుకొన పూనిరి. విదేశములనుండి యూదులు కొందరు వచ్చి కొంతకాలము నిలిచి వారికి పాఠములు చెప్పిరి. సమాజమనగా తన పిల్లలకు ఏదో యొకటి నేర్పుకొనుట యని వారును గ్రహించిరి.

పెద్దలారా, ఇంతదూరము తిరిగి మా నార్సింగి వాకిట నిలుతము. మూసీ చెంతనున్న మా యూరు పొలముల యూరు. ఎగువన గండిపేట చెరువు. 1908 నాటి మూసీ వరద పిమ్మట తలపెట్టిన ఆ యానకట్ట 1920లో పూర్తియైనది. నేడు ఆ పొలములలో అంతస్తులమీద అంతస్తులు లేచినవి. 158 కిలోమీటర్ల వెలుపలి వలయరహదారి మా ప్రక్కనుండియే పోవుచున్నది. రుసుము చెల్లింపగలవారి బిడ్డలకు పెద్దపెద్ద బడులు కలవు. ఆ మేడలు కట్టు కూలీల బిడ్డలు పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి, ఒడిషా బీహారులనుండి తల్లిదండ్రుల వెంట వచ్చి ఇసుకకుప్పల నడుమ ఆడుకొనుచున్నారు. ఆ యిసుకలో అక్షరము దిద్దించువాడు లేడు. బెన్ గమ్లా నాటి ప్రశ్న మన వాకిటనే నిలిచియున్నది.

చట్టము మనకు లేకపోలేదు. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలుచేసిన విద్యాహక్కు చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్లవరకు ప్రతి బిడ్డకు ఉచితవిద్య నిచ్చినది. ప్రాథమికపాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు, 90 మంది వరకు ముగ్గురు ఉపాధ్యాయు లుండవలెననినది. అనగా ఒక్కనికి ముప్పదిమంది. రావా చెప్పిన యిరువదియైదునకు ఇది ఎంత దగ్గర! చెప్పుత్రాడును కూడ విడిచి, కొట్టుటనే నిషేధించినది. బడినడుపు సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు విధించినది. ఊరి భుజమును చట్టము పిలిచినది. ఆ పిలుపునకు పలుకవలసినది మనము.

కావున నా విన్నపములు నాలుగు. ఏటేట బడి తెరచు దినములలో ఊరి పెద్దలు నలుగురు కలసి బడిలోనున్న పిల్లలను కాదు, బడికి రాని పిల్లలను లెక్కింపుడు. గుడిసెలలోని కూలీల బిడ్డలను వదలకుడు. పిల్లవాడు బడికి నడచు దారిని మీరు కాలినడకను నడచి చూడుడు. వాగుమీది ఒంటిపలకయైనను, లారీలు పరుగెత్తు రాచబాటయైనను ఒక్కటే. పంతులు తక్కువైనచో అధికారులకు వ్రాసి ఊరకుండక, వచ్చువరకు వెంటపడుడు. చివరగా, బిడ్డ పద్యము చదివినపుడు మెచ్చి, దాని యర్థమేమని మెల్లగా నడుగుడు. తెలియదన్నచో నవ్వకుడు, తిరిగి చెప్పుడు.

ఈ పనులకు పాండిత్యము అక్కరలేదు, ధనమును పెద్దగా నక్కరలేదు. ఊరు కన్ను తెరచియుండుట చాలును. మన పూర్వులు ఇసుకలో వ్రాయించు నేర్పును లోకమునకిచ్చిరి. ఆ యిసుకను గాలికి చెదరకుండ చుట్టును గట్టువేయు పని మిగిలియున్నది. అది మన పని.